దశరథం ఆటోలో సోంపు

మామిడిపల్లిలో బడి ఆటో అంటే దశరథం ఆటోనే. వేరే ఆటోలు లేక కాదు, వ్యాన్లు కూడా తిరుగుతాయి. కానీ తల్లులు పిల్లల్ని ఎక్కించి వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయేది ఇతని బండి దగ్గరే. మనిషికి యాభై దగ్గర పడ్డాయి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ఖాకీ చొక్కా పైగుండీ ఎప్పుడూ పెట్టడు. మాట తక్కువ, కానీ అడిగితే దాచడు. ఏదైనా అడిగినప్పుడు ముందు అద్దంలో మన మొహం చూస్తాడు. అవసరం ఉండి అడుగుతున్నామో, ఊరికే అడుగుతున్నామో తేల్చుకుని అప్పుడు మొదలుపెడతాడు. నేను అతని ఆటో ఎక్కి ఊరికే అడిగేవాణ్ని. అయినా ఈ కథ చెప్పాడు.

వాళ్ల నాన్న గోపయ్యకు ఊరి బయట చెల్క, అంటే మెట్ట పొలం, ఉండేది. ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్లు ఉన్నాయి. చిన్నప్పుడు తెల్లారగానే తండ్రి వెనక చెల్కకు పోతూ దారిలో వేపపుల్ల విరుచుకునేవాడట. నములుతూ నడిస్తే చెల్క చేరేసరికి పళ్ల పని అయిపోయేది. దాన్ని పళ్లు తోముకోవడం అని ఎవరూ అనుకోలేదు, నడక అనుకున్నారు. పెద్దవాడై గగన్‌పహాడ్‌లో బకెట్లు తయారుచేసే కంపెనీలో చేరాక ఆ నడక పోయింది, దాంతోపాటు పుల్లా పోయింది. షిఫ్టుకు ఉరికేవాళ్లకు ఎర్ర పళ్లపొడి, చూపుడువేలు చాలు. కంపెనీ వేడి పడక మానేసి ఆటో కొన్నాక కూడా వేలే కొనసాగింది. బ్రష్ అనేది పిల్లల వస్తువని అతని లెక్క.

పిల్లల వస్తువే గానీ, పిల్లలు దాన్ని వాడడానికి అడ్డం పడింది తనేనని చాలా రోజుల దాకా అతనికి తట్టలేదు.

మామిడిపల్లి ఇళ్లలో చాలామంది తల్లులు ఎయిర్‌పోర్టు పనికి పోతారు. ఊడ్చేవాళ్లు, క్యాంటీన్‌లో గిన్నెలు కడిగేవాళ్లు, బాత్రూముల దగ్గర నిలబడేవాళ్లు. వాళ్లను తీసుకుపోయే క్యాబ్ చీకటి ఉండగానే వస్తుంది. తర్వాత ఇంట్లో ఉండేది నాయనమ్మో, కాస్త పెద్దదైన అక్కో. పిల్లలకు తెల్లారేది దశరథం హారన్‌తోనే. హారన్ వినబడ్డాక లేచేవాళ్లు కొందరు, అప్పుడు బ్రష్ నోట్లో పెట్టుకునేవాళ్లు కొందరు. ప్రార్థన గంట కొట్టగానే బడి గేటు మూసేస్తారు. అందుకని అతను ప్రతి ఇంటి ముందూ ఒకటే అరిచేవాడు: చాలు, ఉమ్మి ఎక్కు. పిల్లలు మూతికి నురగతోనే ఎక్కి చొక్కా చేతికి తుడుచుకునేవారు. కొన్నాళ్లకు నురగ కూడా కనిపించలేదు. నీళ్లు పుక్కిలించి వచ్చేసేవారు.

బడిలో ప్రార్థన దగ్గర పీటీ సారు వరస వెంట నడుస్తూ గోళ్లు, బూట్లు, పళ్లు చూస్తాడు. పళ్లు చూడడానికి మొహం దగ్గరకు వంగుతాడు. ఒకరోజు మూడో తరగతి కరుణ్ దగ్గర వంగి, ముక్కు ముడిచి, వాణ్ని వరసలోంచి పక్కకు నిలబెట్టాడు. కరుణ్ యేసురత్నం కొడుకు. యేసురత్నం విమానాల్లోకి సామాను ఎక్కించే పనిలో ఉన్నాడు, గొంతు పెద్ద మనిషి. కొడుకు మాత్రం నోరు విప్పడు. ఆ సాయంత్రం ఆటోలో మిగతా పిల్లలు వాడికి దూరంగా జరిగి కూర్చుని మురికికాలవ వాసనని 'మోరీ' అని పేరు పెట్టారు. వాడు ఏడవలేదు. దారి పొడుగునా తల బయటికి తిప్పి కూర్చున్నాడు. దశరథం అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు కిరాణా కొట్లో సోంపు కొన్నాడు. హోటల్లో బిర్యానీ తిన్నాక ప్లేటులో పెట్టి ఇస్తారే, రంగురంగుల చక్కెర పూసింది, అది. కరుణ్ ఎక్కగానే వాడి అరచేతిలో కొంచెం పోశాడు. బడి వచ్చేదాకా నమలమన్నాడు. పీటీ సారు వంగాడు, ముందుకు పోయాడు. సాయంత్రం కరుణ్ అందరితో కలిసి కూర్చున్నాడు.

ఆ తర్వాతిది అడగక్కర్లేదు. వాడికి ఇచ్చింది అందరికీ కావాలన్నారు. ఒక ప్లాస్టిక్ డబ్బా నిండా సోంపు పోసి హ్యాండిల్ పక్కన వైరుతో కట్టాడు. ఎక్కేవాళ్లు ఎక్కుతూ చేయి చాచడం అలవాటైంది. సోంపు ఉన్నప్పుడు బ్రష్ ఎందుకన్న సంగతి పిల్లలకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఎవరు తోముకోలేదో దశరథానికి తెలిసేది. ఇరుకు ఆటోలో వెనక నుంచి పిల్లల మాటలతో పాటు వాసన కూడా ముందుకు వచ్చేది. వాసన ఎక్కువైన పిల్లకు సోంపు ఎక్కువ పోసేవాడు. ఆ లెక్క అతనికి సరిగానే అనిపించింది.

ఎక్కువ పోయించుకున్న వాళ్లలో అఖిల ఒకతె. నాలుగో తరగతి. పై పళ్లు రెండు కొత్తగా, వెడల్పుగా వచ్చాయి. వాగుడుకాయ. తల మీంచి పోయే విమానం తోక రంగు చూసి అది ఏ దేశం పోతుందో చెప్పేది. సగం తప్పులే, కానీ గట్టిగా చెప్పేది. దసరా సెలవులు అయ్యాక ఆ పిల్ల మాట్లాడేటప్పుడు నోటికి చేయి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. దశరథం అది చూసి ఇంకో గుప్పెడు పోశాడు.

ఆ ఇంట్లో జరిగింది అతనికి తర్వాత తెలిసింది. అఖిల నాయనమ్మ స్వరాజ్యం, ఒక పొద్దున పిల్ల ఉమ్మిన నురగలో నెత్తురు చూసింది. చూసి, బ్రష్ లాక్కుని పై అరలో పడేసింది. పుండైన చోట గీకితే ఇంకా పెద్దదవుతుందని, తగ్గేదాకా వేలితో రుద్దుకుని నీళ్లు పుక్కిలించమని చెప్పింది. ఆమె ఆ మాట ప్రేమతోనే చెప్పింది. తండ్రి మధు నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు, ఎండాకాలం అయితే ఇంటికి రావడమే గగనం, మిగతా కాలం కూడా పొద్దున కనిపించడు. తల్లి మంజుల ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్. ఇంట్లో అందరూ పిల్లను చూసుకునేవాళ్లే, పొద్దున పిల్ల నోరు చూసేవాళ్లు మాత్రం లేరు.

మంజుల సెలవు రోజున కూతురికి తల దువ్వుతూ, అద్దంలో ఆ పిల్ల ఆవలింత చూసింది. దువ్వెన పక్కన పెట్టి పెదవి ఎత్తి చూసింది. చిగుళ్లు ఎర్రగా ఉబ్బి పంటి మీదికి పాకి ఉన్నాయి. వేలి కొసతో తాకితే నెత్తురు. అదే పూట బస్సెక్కించి సిటీలో పళ్ల దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడ డాక్టరమ్మ చాలాసేపు చూసింది. పాచి పేరుకుని చిగుళ్లు వాచాయని, ఇంకా లోపల ఎముక దాకా పోలేదని చెప్పింది. ఉన్న పాచి ఈ రోజు తీసేస్తానని, తర్వాతి పని ఇంట్లో చేయాల్సిందేనని చెప్పింది. రెండు పూటలా మెత్తటి బ్రష్‌తో చిగురు అంచు దాకా మెల్లగా తోమాలి. మొదట్లో నెత్తురు వస్తుంది, వచ్చిందని ఆపితే మళ్లీ ఇలాగే అవుతుంది, ఆపకుండా తోమితేనే తగ్గుతుంది. వదిలేస్తే మాత్రం ఇప్పుడొచ్చిన ఈ పళ్లే పెద్దయ్యాక కదులుతాయి, ఇవి పోతే మళ్లీ వచ్చేవి లేవు. కొన్ని వారాలు చూసి మళ్లీ తీసుకురమ్మంది. తీపి ఏమేం తింటుందని అడిగితే మంజుల పెద్దగా ఏం తినదని చెప్పబోయింది. అంతలో అఖిలే చెప్పేసింది, ఆటోలో రోజూ సోంపు ఇస్తారని. ఎంత అని డాక్టరమ్మ అడిగితే అరచేయి గుంట చేసి చూపించింది.

మర్నాడు మంజుల డ్యూటీకి ఆలస్యంగా వస్తానని చెప్పి, తెలిసినామెను తన చోట నిలబెట్టి, ఇంటి ముందు నిలుచుంది. ఆ రోజుల్లో అఖిల ఇల్లు ఆటోకు చివరి ఇల్లు. పిల్లలందరూ ఎక్కి ఉన్నారు.

"అన్నా, జర బండి బంద్ చెయ్యి" అంది. దశరథం ఆపాడు.

"గా డబ్బాల ఏమున్నది?"

"సోంపు."

"ఎవ్వలకు?"

"పిల్లలకే."

"ఎందుకు?"

అతను వెనక్కి చూశాడు. కరుణ్ అక్కడే ఉన్నాడు. వాడి పేరు ఎత్తబుద్ధి కాలేదు. "నోరు వాసన రావొద్దని" అన్నాడు.

"నా బిడ్డ నోట్లకెల్లి ఎప్పటి సంది వస్తున్నది?"

"దసరా అయినంక సంది."

"అంటే నీకు ఎరుకే."

"ఎరుకే."

"నాకు ఎరుక లేదన్నా. నేను పోయేటప్పుడు అది పండుకొని ఉంటది. ఒచ్చేటాల్లకు మొఖం కడుక్కొని ఉంటది. నీకు ఎరుకైంది ఒక్కమాట నాకు చెప్పకపోతివి. పైకెల్లి సోంపు ఏసి మూతవెడ్తివి."

సోంపులో చక్కెర ఉందని తిడుతుందని దశరథం అనుకున్నాడట. ఆ మాటకైతే అతని దగ్గర జవాబు ఉంది, పిల్లలు దుకాణంలో కొనుక్కు తినేదానికంటే ఇదెంత అని. ఆమె చక్కెర ఊసే ఎత్తలేదు.

మంజుల గొంతు పెంచలేదు. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. రాత్రి పూట తను చూసుకుంటానంది. పొద్దున సంగతే తన చేతిలో లేదంది. "మా అత్త నెత్తురు చూస్తే చెయ్యనియ్యది. మధు ఇంట్ల ఉండడు. నువ్వే జర దాని దగ్గర నిలబడన్నా, తోముకునేదాంక."

"నాది ఆటో చెల్లె, దవాఖాన కాదు."

"దవాఖానకు పోయే వచ్చిన. ఇంట్లనే చెయ్యాలన్నరు. ఇంట్ల పొద్దుగాల ఉండేది నీ హారనే."

దశరథం బండి స్టార్ట్ చేసి పోయాడు. ఆ మధ్యాహ్నం డబ్బా వైరు విప్పి, ఉన్న సోంపు ఒక హోటల్ వాడికి ఇచ్చేశాడు.

మర్నాడు పిల్లలు చేతులు చాచారు. లేదన్నాడు. ప్రార్థనలో పీటీ సారు ఈ ఆటో పిల్లల్లో కొందరిని పక్కకు నిలబెట్టాడు. కరుణ్ వాళ్లలో ఉన్నాడు. సాయంత్రం యేసురత్నం ఫోన్ చేశాడు.

"దశరథమన్నా, మావాణ్ని మళ్ల పక్కకు నిలవెట్టిండ్రంట. సోంపు అయిపోయిందా ఏంది? చెప్పరాదు, నేను కొనిస్త."

"సోంపు వద్దు. బ్రష్ కొనియ్యి" అన్నాడు దశరథం.

బ్రష్ ఇంట్లో ఉందని యేసురత్నం అన్నాడు. ఉన్నదేమో గానీ దాని మొఖం నీ కొడుకు చూస్తలేడని ఇతనన్నాడు. నా కొడుకు నోటి సంగతి నువ్వు చెప్పాలా అని ఆయన, చెప్పకనే ఇంతదాకా వచ్చిందని ఇతను. ఫోన్ ఎవరు ముందు పెట్టేశారో దశరథానికి గుర్తులేదు.

ఆ తర్వాత అతను దారి తిప్పేశాడు. చివరి ఇల్లు మొదటి ఇల్లయింది. తెల్లారీ తెల్లారకముందే అఖిల ఇంటి ముందు ఆపి, హారన్ కొట్టకుండా దిగి, వాకిట్లో కుళాయి దగ్గర నిలబడేవాడు. ఈ మార్పుతో మిగతా ఇళ్లకు పోవడం ఆలస్యమైంది. గేటు మూసేశాక బడికి చేరిన రోజులున్నాయి. పీటీ సారుకు సంగతి వివరించి చెప్పాడు. ఆయన శ్రద్ధగా విన్నాడు, గేటు మాత్రం తీయలేదు. ప్రార్థన అయ్యేదాకా పిల్లలు బయటే నిలబడ్డారు. ఒక ఇంటివాళ్లు తమ ఇద్దరు పిల్లల్నీ వ్యాన్‌కు మార్చుకున్నారు. దశరథం మార్చొద్దని అడగలేదు.

ఇంత చేసినా అఖిల విషయంలో పని ముందుకు పోలేదు. మొదటి రోజు మంజుల కొన్న కొత్త బ్రష్‌తో ఆ పిల్ల కాస్త రుద్ది ఉమ్మింది. ఎర్రగా వచ్చింది. వెంటనే నాయనమ్మ వైపు చూసింది.

"సూసినవా?" అంది స్వరాజ్యం. "పుండును గీకుతరా ఎవలన్న?"

"డాక్టరమ్మ చెప్పింది పెద్దమ్మా."

"డాక్టరమ్మ ఈడ లేదు. నెత్తురు ఈడున్నది."

ఆ మాటతో అతనికి కూడా అనుమానం వచ్చింది. డాక్టరమ్మ చెప్పింది తను చెవులారా విన్నది కాదు. తగ్గకపోతే? రేపు ఏదన్నా అయితే, ఆటోవాడు పొద్దున్నే వచ్చి పిల్ల నోరు చెడగొట్టాడంటారు. అయినా మర్నాడు పోయాడు. అదే తంతు. ఆ మరుసటి రోజు అఖిల బాత్రూంలో దూరి తలుపేసుకుని కుళాయి తిప్పి వదిలేసింది, తోముకున్నట్టు మూతి తడుపుకుని వచ్చింది. ఆటోలో పక్కన కూర్చున్నాక వాసనను బట్టి అతనికి తెలిసిపోయింది. పరాయి పిల్ల, పైగా నాయనమ్మ ముందు. తిట్టడానికి లేదు, కొట్టడానికి లేదు.

అతనికి తోచింది ఒకటే. కిరాణా కొట్లో తనకూ ఒక బ్రష్ కొన్నాడు. కొట్టువాడు చిన్నపిల్లలదా పెద్దవాళ్లదా అని అడిగితే చుట్టూ చూసి, పెద్దవాళ్లదే అన్నాడట.

పొద్దున్నే అఖిల వాళ్ల బట్టల బండ మీద కూర్చుని, చొక్కా జేబులోంచి బ్రష్ తీసి, ఆ పిల్ల పేస్టే అడిగి పెట్టుకుని తోమడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లూ వేలు తగిలిన చిగుళ్లే గానీ బ్రష్ కుచ్చు తగిలినవి కావు. అఖిలకు చూపించాలని లోపల, అంచుల దాకా పోనిచ్చాడు. ఉమ్మాడు. మోరీలో నురగ తెలుపన్నదే లేకుండా ఎర్రగా పోయింది. బ్రష్ పట్టుకుని దానివైపే చూస్తూ ఉండిపోయాడు.

అఖిల దగ్గరకు వచ్చి వంగి చూసింది. నోటికి చేయి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది.

"అంకుల్, నీకు నా కంటె ఎక్కువొచ్చింది."

"అవు" అన్నాడు.

"నొస్తున్నదా?"

అతను నాలుకతో తడిమి చూసుకున్నాడు. "లేదు. జర చుర్రుమంటున్నది. గంతే."

"నాక్కూడ గంతే" అంది.

స్వరాజ్యం చీపురు పట్టుకుని వచ్చి చూసింది. మోరీ చూసింది, అతని మొహం చూసింది. "ముసలోనికి చిగుర్లు మొలుస్తున్నయ్. నీకెందుకయ్యా ఈ వయసుల" అంది. కానీ అఖిల బ్రష్ తీసి పక్కన కూర్చుంటే అడ్డుపడలేదు. ఆటోవాడే ఇంత నెత్తురు కక్కి దులుపుకుని పోతుంటే ఆమె మాత్రం ఏమంటుంది.

ఆ తర్వాత అది పందెమైంది. ఎవరి నురగ ముందు తెల్లబడుతుందని. తీర్పు స్వరాజ్యానిది. ఆమె రోజూ మోరీ దగ్గర నిలబడి, నడుం మీద చేయి పెట్టుకుని, ఇద్దరిదీ పోల్చి చూసేది. మనవరాలి వైపే చెప్పేదని దశరథం ఫిర్యాదు. కానీ ఒక పొద్దున అఖిల ఉమ్మింది నిజంగానే దాదాపు తెల్లగా వచ్చింది. తనది ఇంకా రాలేదు. ఓడిపోయానని ఒప్పుకున్నాడు. ఆ పిల్ల ఆటోలో ఆ సంగతి అందరికీ చెప్పింది, విమానాల మీద చెప్పినట్టే గట్టిగా, ఇంకాస్త కలిపి.

అది విన్నాక కొందరు పిల్లలు తమ నురగ రంగు కూడా దశరథానికి చెప్పడం మొదలుపెట్టారు. కరుణ్ ఎక్కేముందు అడక్కుండానే నోరు తెరిచి చూపిస్తాడు, ఇప్పటికీ మాట మాత్రం ఆడడు. తోముకోకుండా వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి పిల్లవాడి ఇంటికి సాయంత్రం దశరథం ఫోన్ చేస్తాడు. ఈ రోజు మీవాని నోరు వాసన వచ్చింది, చూసుకోండి అని అంతే చెప్తాడు. కొందరికి కోపం వస్తుంది. అతను వినేసి పెట్టేస్తాడు.

మంజుల అఖిలను రెండోసారి దవాఖానకు తీసుకుపోయిన రోజు నేను దశరథం ఆటోలో కిరాయికి ఎక్కి ఉన్నాను. శంషాబాద్ నుంచి వస్తున్నాం. ఈ కథంతా నాకు చెబుతూనే అతను ఫోన్ వైపు చూస్తూ ఉన్నాడు. పొద్దున్నుంచీ అంతేనట, రెండు కిరాయిలు కూడా వదులుకున్నాడు. చిగుళ్లు అలాగే ఉన్నాయని డాక్టరమ్మ అంటే ఏం చేస్తావని అడిగాను. అద్దంలో నా మొహం చూశాడు. మళ్లీ ఫోన్ వైపు చూశాడు.

ఫోన్ మోగగానే బండి పక్కకు తీసి ఆపాడు. విమానం ఒకటి దిగుతోంది, ఆ చప్పుడు పోయేదాకా చెవి మూసుకుని ఆగి, అప్పుడు మాట్లాడాడు. అవతల మంజుల గొంతు నాకూ వినిపించింది.

"అన్నా, ముందల పండ్ల కాడ మంచిగైనయంట. వాపు లేదంట. ఊసలాంటి దాంతోటి ఒత్తి చూసినా నెత్తురు రాలే."

"మంచిది చెల్లె."

"ఎనక దవడ పండు కాడ ఒక్క జాగల ఇంక వస్తున్నదంట. ఆడ బ్రష్ సరిగ పోతలేదన్నరు. మల్ల రమ్మన్నరు."

దశరథం అడిగాడు.

"ఎడమ దిక్కా, కుడి దిక్కా?"

మంజుల అటు తిరిగి కూతుర్ని అడిగింది. అఖిల ఏదో చెప్పింది. అది తప్పేమోనని మంజుల మళ్లీ లోపలికి పోయి డాక్టరమ్మనే అడిగి వచ్చింది. అతను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాడు.

"కుడి దిక్కు, కింద."

"సరే" అన్నాడు. "రేపు కుడి దిక్కు చూస్త."

ఫోన్ జేబులో పెట్టుకుని, నాలుకతో తన కుడి దవడ లోపల ఒకసారి తడుముకుని, బండి స్టార్ట్ చేశాడు.